పాపారావు గారి మార్కుల కాగితం

నా లెక్క తప్పదని బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో నాకో పేరుంది. ఎనిమిదేళ్లుగా ఆ పేరే నాకు మోయలేని బరువు. నేనెవరో మీకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

నా చదువు పదో తరగతితో ఆగింది. లెక్కలు నాకు నేనే నేర్చుకున్నాను. మా కాలనీవాళ్లు కొందరు చిన్న సినిమాల పండుగ పెట్టి, మార్కులు కూడే పని నాకిచ్చారు. పది సినిమాలు, ముగ్గురు న్యాయనిర్ణేతలు, ఒక్కో సినిమాకు పదికి మార్కులు. ముగ్గురిలో పెద్దవారు పాపారావు గారు. ఈ కాలనీలోనే పుట్టి, రాయ్‌పూర్‌లో ముప్పై ఏళ్లు ఎడిటింగ్ చేసినవారు. ఆయన దగ్గర పని నేర్చుకున్న అమ్మాయి సినిమా కూడా పోటీలో ఉంది. పక్క ఊరు కోటాలో, సంతలో కూరలమ్మే తన తల్లి గురించి తీసింది. హాలంతా లేచి చప్పట్లు కొట్టింది.

దానికి మిగతా ఇద్దరూ తొమ్మిదేసి వేశారు. పాపారావు గారి కాగితంలో ఒకటి. జనం సగంలోనే లేచి వెళ్లిపోయిన సినిమాకు పది. పెద్దవాళ్ల అభిరుచి అనుకుని కూడేశాను. పంతొమ్మిది. ఐదో స్థానం. ఎవరెన్ని మార్కులు వేశారో చూపే పట్టికను హాలు గోడకు అంటించారు. ఎదుగుతున్న శిష్యురాలిని చూసి ఆయన ఓర్వలేకపోయారని ఆ సాయంత్రమే మాట పుట్టింది.

మర్నాడు కాగితాలు సర్దుతుంటే కనిపించింది. ఆయన అంకెలు ఒకటి నుంచి పది వరకు, ఒక్కటీ రెండోసారి రాలేదు. పైన ‘మార్కులు’ అన్న మాట కొట్టేసి సన్నగా ‘వరస’ అని రాశారు. మొదటిది, రెండోది అని వరస పెట్టారన్నమాట. అంకెలే చూశాను, అక్షరం చూడలేదు. అక్కడితో ఆగితే అది పొరపాటే. పొరపాటైతే మీకింత రాసేవాణ్ని కాదు.

ఆ మధ్యాహ్నమే ఆయన మా క్వార్టర్‌కు వచ్చారు.

“ఏటి తమ్ముడూ, ఒకటంటే మొదటిదని సెప్తే మాట మారుస్తున్నానంటున్నారు. పైన వరస అని రాసినాను కదా. నా కాగితం ఓపాలి తియ్యి.”

“కాగితాలు లేవన్నయ్యా. లెక్కయిపోగానే చింపేసినాను.”

“నువ్వు చింపేసినావా! పాత రేషన్ చీటీలు కూడా దాసుకునే మనిషివి కదరా.” నవ్వబోయారు. “పోనీ, నోటితో సెప్పు. నీ మాటైతే నమ్ముతారు.”

“కూడిక సరిగ్గానే ఉందన్నయ్యా.”

“అచ్ఛా,” అని లేచారు.

కూడిక నిజంగానే సరిగ్గా ఉంది. ఎంత జాగ్రత్తగా ఎంచుకున్నాను ఆ మాట! ఆయన కూర్చున్న పరుపు కిందే ఉంది ఆ కాగితం. ఆయన గేటు దాటాక చింపాను, చెప్పిన అబద్ధం నిజం కావాలని. ఎందుకు? మొదటి స్థానమని వేరే సినిమాకు ఇచ్చేసిన కప్పు వెనక్కి అడగాల్సి వస్తుందనా? కాదు. నా లెక్క తప్పిందని నలుగురూ అంటుంటే వినలేననే.

మిగతా ఇద్దరినీ ఇప్పుడు పెద్ద పండుగలకు పిలుస్తున్నారు. పాపారావు గారిని మళ్లీ ఎవరూ పిలవలేదు. కొత్తవాళ్లు తమ సినిమాలు ఆయన చేతిలో పెట్టడం మానేశారు. ఆ అమ్మాయి ఆయనతో మాట్లాడదు. ఆయన బోద్రీలో హైకోర్టు ఎదుట జిరాక్స్ దుకాణంలో కూర్చుంటున్నారు. చెబుదామని రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ ఆధార్ కార్డు జిరాక్స్ తీయించుకుని తిరిగొచ్చాను.

ఇప్పుడు చెప్పినా ఏం చూపించగలను? ముసలాయన మీద జాలితో అంటున్నాననుకోరా? ఆయన్ని కాపాడగలిగిన ఒక్క సాక్ష్యాన్నీ నా చేతులతోనే లేకుండా చేసి, ఇప్పుడు నన్ను నమ్మండని ఎవరి ముందు నిలబడను? మిమ్మల్ని క్షమించమని అడగను. అది మీ చేతిలో లేదు.

పాపారావు గారు ఆ అమ్మాయి సినిమాకే మొదటి స్థానం ఇచ్చారు. ఎనిమిదేళ్లలో ఈ వాక్యం నేనెక్కడా రాయలేదు. ఇప్పుడు రాశాను.