ఎడమ కాలికి దిష్టి చుక్క

మా డ్రిల్లు సారు నోటికి తలుపూ లేదు, గొళ్ళెమూ లేదు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. పోయినవాళ్ళను తిట్టకూడదంటారు గాని, ఆయన గుర్తుకొస్తే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

సంస్థానాల కాలంలో గద్వాలలో మాకొక ఫుట్‌బాల్ జట్టు ఉండేది. సగం మంది బడిలో చదివేవాళ్ళు, సగం మంది నాలాంటి మగ్గాలవాళ్ళు. బడిలో కసరత్తు నేర్పే సారే జట్టునూ నడిపేవాడు. ఆట ఆయనకు బాగా తెలుసు, ఆ మాట కాదనను. తెలిసింది కడుపులో దాచుకోవడమే తెలియదు. ఒకసారి పట్నంలో ఏదో పెద్ద ఆట చూసొచ్చాడు. అక్కడ జట్టును నడిపే పెద్దమనిషి పదిమందిలో నిలబడి తన ఆటగాళ్ళ గురించి మాట్లాడుతుంటే జనం నోళ్ళు తెరుచుకుని విన్నారట. ఇక ఈయనకూ ఆ పిచ్చి పట్టుకుంది. సాయంత్రం కాగానే స్టేషను దారిలోని చాయ్ హోటల్లో బల్ల మీద కూర్చుని, ఎవరిని ఎక్కడ ఆడిస్తాడో, బంతి ఎటునుంచి ఎటు పోవాలో అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పేసేవాడు. రైలుకు పోయేవాళ్ళంతా అక్కడే చాయ్ తాగేవారు. ఇవాళ ఆయన అన్న మాట రేపటికల్లా కృష్ణ దాటి, మాకు గట్టి పోటీ ఇచ్చే వనపర్తి జట్టుకు చేరేది. నాగర్‌కర్నూల్ వాళ్ళతో ఆడినప్పుడైతే వాళ్ళ ఆటగాడే నా ముఖం మీద నవ్వాడు. "మీ సారు చెప్పిండు గద, బంతి నీకే వస్తదని!" ఆట అయ్యేదాకా ఇద్దరు నన్ను అంటిపెట్టుకుని తిరిగారు. ఓడిపోయి వచ్చాం.

నేను ఎడమ పక్క ముందుండి ఆడేవాణ్ణి. నా ఎడమ కాలి దెబ్బ గట్టిది. దానికి కారణం కూడా సారే కనిపెట్టి హోటల్లో చాటాడు. "గుంట మగ్గంల కూసోని పొద్దుందాక తొక్కుతడు. అది కాలు కాదు, రోకలి! గద్వాల మొత్తంల అసొంటి కాలు లేదు!"

ఆ మాట మా అమ్మ చెవిన పడింది. అమ్మకు ఫుట్‌బాల్ అంటే ఏమిటో తెలియదు గాని, దిష్టి అంటే బాగా తెలుసు. మగ్గం మీద బతికేవాడికి కాళ్ళే అన్నం పెడతాయి. ఆ కాలిని నలుగురిలో పొగిడితే ఆమె ఊరుకుంటుందా? మూడు రోజులు వరసగా ఉప్పూ మిరపకాయలూ నా కాలికి దిగదుడిచింది. నాలుగో రోజు నేరుగా బడికే పోయి సారును పట్టుకుంది.

"సారూ, నీకు దండం పెడ్త. నా కొడుకు కాలును గట్ల నలుగురిల పొగడకు. ఆడిపిస్తె ఆడిపియ్యి గని, పొగిడితె మాత్రం పంపియ్య."

ఆమె అడిగింది నోరు మూసుకొమ్మని. సారుకు అర్థమైంది వేరు. "పరేషాన్ గాకమ్మా. పసిపిల్లకు బుగ్గన చుక్క పెడ్తరు గద, గట్లనే నీ కొడుకు కాలుకు నేను చుక్క పెడ్త" అన్నాడు.

ఆ చుక్క ఏమిటో సాయంత్రమే తెలిసింది. అదే హోటలు, అదే బల్ల. "మావోని ఎడమకాలు ఖరాబైంది. నరం పట్టుకుంది. నడుసుడే కష్టం!" త్వరలో వనపర్తితో మాకు ఆట ఉంది. తర్వాత నన్ను పక్కకు పిలిచి, "దిష్టీ పోతది, వనపర్తోల్లు గూడ మోసపోతరు. ఒక్క దెబ్బకు రెండు పిట్టలు" అన్నాడు. నేను నవ్వాను. ఆ రోజే గట్టిగా అడ్డం పడి ఉంటే బాగుండేది.

అప్పటికి నాకు అయిజలో మా కులంవాళ్ళింట సంబంధం చూశారు. వాళ్ళు నేసేది నూలు చీరలు, పట్టు అంచు మా వీధి పని. పిల్లను చూడబోయినప్పుడు ఆమె రాట్నం ముందు కండెలు చుడుతోంది. తలెత్తి నన్ను చూసింది, దారం తెగింది. తొందర లేకుండా ముడివేసి మళ్ళీ తలెత్తి చూసింది. చేసుకుంటే ఈమెనే చేసుకోవాలనుకున్నాను. పెద్దలు సరేనన్నారు, పూలూ పండ్లూ పెట్టి నిశ్చయం చేసుకోవడం ఒక్కటే మిగిలింది.

మా సారు అక్కను ఇచ్చింది కూడా అయిజకే. వనపర్తి ఆట ఇంకో వారం ఉందనగా ఆయన అక్కను చూడబోయాడు. అది సంత రోజు. సంతలో జనం కనబడ్డాక ఆయన నోరు ఆగుతుందా? నా కాలు పోయిందని చెప్పి, చాలదన్నట్టు, "ఇగ మగ్గం తొక్కుడు గూడ కాదంట" అని తగిలించాడు. చీరలు అమ్ముకోవడానికి వచ్చిన పిల్ల తండ్రి ఆ గుంపులోనే ఉన్నాడు.

ఆయన తగవుకు రాలేదు, కబురూ పెట్టలేదు. తన కళ్ళతో చూసి పోదామని, చెప్పకుండా సరిగ్గా వనపర్తి ఆట రోజునే గద్వాల వచ్చాడు.

ఆ రోజు సారు ఇంకో ఎత్తు వేశాడు. నా ఎడమ కాలికి మోకాలిదాకా గుడ్డ చుట్టి గీత బయట కూర్చోబెట్టాడు. "సగం ఆట అయినంక కట్టు ఇప్పి దించుత. వనపర్తోల్లు ఏం జేస్తరో సూడు."

"ఇదంత ఎందుకు సారూ, మొదటి నుంచే ఆడుత."

"నీకు తెల్వదు, ఊకో."

అంతటితోనైనా ఆగాడా? మైదానం చుట్టూ తిరుగుతూ, "పాపం పిలగాడు, నిలబడనీకె గూడ వస్తలేదు" అని వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించాడు. నేను తలతిప్పి చూసేసరికి పిల్ల తండ్రి కండువా దులుపుకుని వెళ్ళిపోతున్నాడు. కట్టుతోనే లేచి పరుగెత్తాను.

"మామా, జర ఆగు! కాలు మంచిగనె ఉంది. ఇది ఉత్త కట్టు." నడిరోడ్డు మీద గుడ్డ విప్పి విసిరేశాను. ఆయన ముఖంలో నమ్మకం కనబడలేదు. "పోనీ, మగ్గం కాడ సూడు మామా" అన్నాను. ఆ మాటకు వెంట వచ్చాడు.

ఇంటికి పోగానే మగ్గం గుంటలో దిగి నేయడం మొదలుపెట్టాను. మైదానం నుంచి కేకలు వినిపిస్తున్నాయి. మామ నా చేతులవైపు చూడలేదు. గుంట పక్కన గొంతుక్కూర్చుని నా పాదాలనే చూశాడు. జానెడు బట్ట నేశాను. ఏ ఆటలోనూ నాకు అంత భయం వేయలేదు.

"సాలు" అన్నాడు మామ. "కాలు మంచిగుంది. నాది గూడ గింత మంచిగ లేదు."

అమ్మ బెల్లం తేవడానికి సంతోషంగా లోపలికి పోయింది.

"గని పిలగా, గది నాకొక్కనికే తెల్సు. అయిజంత నిన్ను కుంటోడంటున్నరు. రేపు నా బిడ్డను కుంటోని పెండ్లమంటరు. ఎంతమందిని తోల్కొచ్చి ఈడ కూసోబెట్టాలె?"

అమ్మ తెచ్చిన బెల్లం ఆయన ముట్టుకోలేదు.

ఆట ఓడిపోయాం. సారు హోటల్లో, "ముఖ్యమైనోడే నడుమల ఉరికిపోయిండు" అని చెబుతుండగా పోయి జరిగిందంతా కక్కేశాను. ఆయన నిజంగానే బాధపడ్డాడు, కళ్ళు తుడుచుకున్నాడు. "వచ్చే సంతకు నేనే పోత. నీ కాలు భేషుగ్గుందని నిలబడి చెప్త" అన్నాడు.

"సారూ, మీ కాళ్ళు మొక్కుత, ఏం చెప్పకుండ్రి. జర ఊకుంటె సాలు."

ఊరుకోవడం ఆయన వల్ల కాదు. పోయాడు, సంత నడుమ నిలబడి నా కాలిని ఆకాశానికెత్తాడు. విన్నవాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకుని, "మంచిగుంటె గింత సాటింపెందుకు? ఏదో ఉంది" అన్నారట. అంతకుముందు ఈ సంగతి తెలియని ఇళ్ళకు కూడా ఆ వారం తెలిసింది.

మాఘంలో ఆ పిల్లను ధరూరు వాళ్ళకిచ్చారు. పెండ్లికి పట్టు అంచు చీర కావాలని ఆమె తండ్రే మా ఇంటికి వచ్చాడు. "నీ లెక్క ఎవరు నేస్తరు పిలగా?" అన్నాడు. వద్దని ముఖం మీద చెప్పాలనుకున్నాను, కాని అంచు ఏ రంగు కావాలని అడిగాను. ఆ చీర నేసినన్ని రోజులూ ఈ కాలు నిజంగానే పడిపోతే బాగుండునని కోరుకున్నాను. ఒక్కనాడైనా నొప్పి పెట్టలేదు.