మూడు విజిల్స్ స్పాంజి

మా వదినకు మురికి అంటే భయం కాదు, పగ. ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తెరలకు ఆవిరి పట్టే గదిలో ఇరవై రెండేళ్లుగా పనిచేస్తోంది. ఆవిడ చేతి మీదుగా వెళ్లిన కత్తెర వల్ల ఒక్క కుట్టూ చీము పట్టలేదని పెద్ద డాక్టరే అంటాడు. ఆ పేరును ఆవిడ ఇంటికి కూడా మోసుకొస్తుంది. నేను వెళితే ముందు చేతులు కడిగించి, ఆ తర్వాతే "బాగున్నావా" అని అడుగుతుంది.

మా అన్నయ్య బస్సు డ్రైవరు. బీపీ పెరిగితే, రోజూ కాసేపు చేపల్ని చూస్తూ కూర్చోమని ఎవరో చెప్పారట. గాజుతొట్టి, ఐదు చేపలు కొన్నాడు. నాలుగు వారాల్లో నాలుగు పోయాయి. ఒక్కొక్కటి తేలినప్పుడల్లా ఆయన బీపీ కూడా కాస్త పైకి తేలింది.

"నా చెయ్యే మంచిది కాదురా," అన్నాడు నాతో. మిగిలిన ఒక్కదానికి మేత వేయడం కూడా మానేసి, తొట్టి ముందు చేతులు కట్టుకుని కూర్చుంటున్నాడు.

"చెయ్యీ కాదు, కాలూ కాదు. నీళ్లలో క్రిములు!" అని వదిన తేల్చేసింది. "ఆ బుల్లి ఫిల్టరు చాలట్లేదు. ఆసుపత్రి లెవెల్లో ఉండేది కొనాలి."

సోమవారం సాయంత్రం డ్యూటీ దిగి, నన్ను వెంటేసుకుని చేపల దుకాణానికి బయలుదేరింది. "నువ్వు బరువు మొయ్యడానికి వస్తున్నావయ్యా, మాట్లాడ్డానికి కాదు," అని దారిలోనే చెప్పింది.

దుకాణంలో మూడు రకాలు ముందు పెట్టించుకుంది. తొట్టి లోపల ఉంచే స్పాంజి ఫిల్టరు, అంచుకు తగిలించేది, తొట్టి కింద డబ్బాలా నిలబెట్టేది. మూతలన్నీ విప్పి, గొట్టాల్లోకి ఒంటికన్నుతో చూసింది.

"వీటిలో క్రిములన్నిటినీ చంపేది ఏది?"

"అన్నిటినీ ఎందుకమ్మా చంపడం?" అన్నాడు దుకాణదారు, వలతో చేపను పడుతూ. "ఇప్పుడున్న ఫిల్టరు ఎన్నాళ్లకోసారి కడుగుతున్నారు?"

"ప్రతి ఆదివారం," అంది వదిన గర్వంగా. "స్పాంజి తీసి కుక్కర్లో పెట్టి మూడు విజిల్స్ రానిస్తాను."

వల గాల్లోనే ఆగిపోయింది. చేప జారి మళ్లీ నీళ్లలో పడింది. నా నోరు తెరుచుకునే ఉంది. ఆ కుక్కర్ వేరేదని వదిన తర్వాత ఒట్టేసి చెప్పింది. నమ్మాను. నా ఆదివారం భోజనం ఎప్పుడూ వాళ్లింట్లోనే, నమ్మక ఏం చేస్తాను?

"మూడు విజిల్సా!" అన్నాడాయన. "అమ్మా, చేపలు వదిలే మలినం నీళ్లలో విషమవుతుంది. ఆ విషాన్ని తినే క్రిములు స్పాంజిలోనే కాపురం పెడతాయి. మీకు మురికిలా కనిపిస్తుందే, అసలు ఫిల్టరు అదే. మీరు వారం వారం ఊరు ఊరంతా ఉడకబెట్టేస్తున్నారు!"

వదిన నా వైపు తిరిగింది. "చేపలు పోయింది ఏ రోజు?"

"మంగళవారాలే వదినా. నాలుగూ."

అక్కడున్న స్టూలు మీద కూలబడింది. తుడవకుండా కూర్చుంది! ఆవిడ అలా కూర్చోవడం నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు.

"నిన్న కూడా ఉడికించాను," అంది.

రేపు మంగళవారం.

దుకాణదారు మూలనున్న పాత తొట్టిలోంచి జిగటగా, గోధుమరంగులో ఉన్న స్పాంజి ఒకటి తీశాడు. "మీకు మిషన్లేం వద్దు. ఇది రెండేళ్ల కాపురం. పట్టి ఉంచిన నీళ్లతో తొట్టిలో సగం మార్చి, ఇది లోపల పెట్టండి. కడగొద్దు."

"కొంచెం పిండనా?"

"వద్దు."

"పైపైన?"

"అమ్మా!"

నీళ్ల కవరులో ఉన్న ఆ స్పాంజిని బస్సులో ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. బరువు మొయ్యడానికి వచ్చిన నేను ఖాళీ చేతులతో నిలబడ్డాను.

ఇంట్లో అన్నయ్య తొట్టి ముందే ఉన్నాడు. చేప పైకొచ్చి నోరు ఆడిస్తోంది. వదిన చెప్పులు కూడా విప్పలేదు.

"మీ చెయ్యి కాదండీ. నాలుగింటినీ చంపింది నేనే," అని కుక్కర్ సంగతంతా చెప్పేసింది.

తుఫాను వస్తుందని నేను గుమ్మం వైపు జరిగాను. అన్నయ్య కవరు అందుకుని ఆ మురికి స్పాంజిని చూశాడు.

"అయితే నేను మేత వెయ్యొచ్చా?"

వదిన తలూపింది. సగం నీళ్లు మార్చి, స్పాంజిని పిండకుండానే తొట్టిలో దించింది.

మంగళవారం గడిచింది. బుధవారం కూడా చేప తిరుగుతూనే ఉంది. ఆదివారం భోజనానికి వెళ్లాను. వంటింట్లోంచి మూడు విజిల్స్! అన్నయ్యా నేనూ ఒకరి మీద ఒకరు పడుతూ తొట్టి దగ్గరికి పరిగెత్తాం. స్పాంజి అక్కడే ఉంది.

కుక్కర్లో ఉన్నవి అన్నయ్య బూట్ల లేసులు.