సుద్దముక్కతో గీసిన సైడింగ్

నా చిన్నప్పుడు కాజీపేటలో ఇంజన్లు నన్నడగకుండా కదిలేవి కావు. కనీసం మనవరాలికి అలాగే చెప్పాను. మొన్న అది బడి నుంచి వచ్చి, కంప్యూటర్ క్లాసులో కంప్యూటర్ ముట్టకుండానే ఆడపిల్లలందరినీ వరుసలో నిలబెట్టి ఆట ఆడించారని చెబితే, ఆ ఆట కనిపెట్టింది నేనేనన్నాను. అదీ కోతే. మాకు నేర్పింది మా పక్క క్వార్టర్ అక్క.

అక్క రైల్వేలో వ్యాగన్లు విడదీసి కలిపించే షంటింగ్ జమేదారు బిడ్డ. యార్డులో వ్యాగన్ల వరుస ఎలా మారుస్తారో కిటికీలోంచి చూసి చూసి పట్టేసింది. సాయంత్రాలు గ్రౌండులో సుద్దముక్కతో ఒక పొడుగు గీత, దాని పక్కకు ఒక పొట్టి గీత గీసేది. పొట్టిది సైడింగ్, అంటే వ్యాగన్లను పక్కకు తీసి నిలిపే పట్టా. అయిదుగురు అమ్మాయిలు అంకెల పలకలు పట్టుకుని అక్క తారుమారు చేసిన వరుసలో నిలబడేవారు. ఒకటి నుంచి అయిదు దాకా సరైన వరుసలో బయటపడాలి. నీ వంతయితే ముందుకు పో, కాకపోతే సైడింగ్‌లోకి పో. అక్కడ చివర దూరినవాళ్ళే మొదట బయటికి రావాలి. అంతే ఆట.

మా క్వార్టర్ల వరుసలోనే ఉండే రైలు గార్డు మామకు అది కిట్టలేదు. "ఆడపిల్లలకు ఈ లెక్కలెందుకే? ఇంట్ల గిన్నెలు లేవా?" అన్నాడు.

అక్క చేతులు దులుపుకుంది. "మీ పిలగాండ్లతోని పందెం పెట్టు మామా. ఓడితే రేపటిసంది ఈ గ్రౌండుల అడుగు పెట్టం. గెలిస్తే మళ్ల గిన్నెల ముచ్చట తియ్యొద్దు."

మగపిల్లల జట్టుకు నేనే నాయకుణ్ణి. నిజానికి అయిదుగురమూ నాయకులమే. రైల్వే పిల్లలం కదా, ఇంజను నేనంటే నేనని కొట్టుకున్నాం తప్ప వ్యాగన్ కావడానికి ఒక్కడూ ఒప్పుకోలేదు. సైడింగ్‌లోనే ఇరుక్కుపోయాం.

ఇక్కడి దాకా మనవరాలికి తెలుసు. దాచింది ఇది: అమ్మాయిలు పలకలు అందుకుంటుంటే, నేను సైడింగ్ గీతను కుడికాలితో చెరిపేశాను.

ముందు నిలబడ్డ మూడో అంకె పిల్ల కిందికి చూసింది. "గీత పోతే ఏందక్కా, ఎట్ల పోవాల్నో మాకెరికే" అని, గీత ఉన్నట్టే పక్కకు నడిచింది. దాని వెనకే రెండు. ఒకటి నేరుగా ముందుకు. తర్వాత రెండు బయటికి, మూడు బయటికి. అయిదు పక్కకు తప్పుకుంటే నాలుగు ముందుకు, దాని వెంటే అయిదు.

గార్డు మామ సైకిలెక్కి వెళ్ళిపోయాడు. అక్క సుద్ద అంటిన నా కాలి వైపు చూసింది. మర్నాడు పిలిచి నా చేతికి అయిదో పలక ఇచ్చింది. "నీ వంతు వచ్చెదాంక జర ఆగుడు నేర్చుకో, డ్రైవర్ సాబ్."

నిన్న మనవరాలితో ఆటోలో వస్తున్నాను. పక్కనున్న పెద్దమనిషి దాని కంప్యూటర్ పుస్తకం చూసి, ఆడపిల్లకు ఇవన్నీ ఎందుకన్నాడు.

"నేను చెరిపి చూసిన సార్, చెరగలే" అన్నాను. కాజీపేట వచ్చేదాకా అతన్ని వదల్లేదు. కాలి సంగతితో సహా అంతా చెప్పాను.

మనవరాలు నా కుడికాలి వైపు చూసింది, అచ్చం అక్క చూసినట్టే. నేను కాలు వెనక్కి లాక్కోలేదు.