హాల్లో తాటిదోనె

మాఘ శుద్ధ దశమి, శుక్రవారం, పొద్దున్న ఆరూ ఇరవైకి నా తోడికోడలు మా హాలు గుమ్మంలో నిలబడి ఆ మాట అంది. టైము ఎలా తెలుసంటే, పంతులుగారు సరిగ్గా అప్పుడే సెల్‌ఫోను చూసుకుని, ఇంకో ఇంటి ముహూర్తానికి వేళవుతోందండీ అన్నారు. ఆవిడ తాడేపల్లిగూడెం వెళ్ళి ఈ సంగతి ఇంకోలా చెబుతోందని విన్నాను. నాకు యాభై ఏళ్ళు దాటాక అక్షరాలు వచ్చాయి. వచ్చినందుకు ఒక్కసారైనా పనికి రావాలి కదా. అందుకని రాస్తున్నాను.

ఏలూరు పక్కన వట్లూరులో మా అబ్బాయి ఇల్లు కట్టాడు. రెండు గదులు, ఒక హాలు. గోడలు లేచి రంగులు పడేసరికి చేతిలో ఏమీ మిగల్లేదు. హాలు ఎంత బోసిగా ఉందంటే, మనం మాట్లాడితే మన మాటే మనకి తిరిగి వినపడేది. కోడలు సోఫా అంది. అబ్బాయి తరవాత చూద్దాం అన్నాడు. కూర్చోడానికి నేల ఉందిగా అన్నాను నేను. కోడలు నవ్వలేదు. గృహప్రవేశానికి వచ్చినవాళ్ళు ఉత్త గోడలు చూసి పెదవి విరుస్తారని ఆ పిల్ల బెంగ. బెంగపడటం తప్పు కాదు. కొనలేనివాళ్ళ ఇల్లు అందంగా ఉండకూడదనుకోవడం తప్పు.

ఆకివీడు అవతల కొల్లేటి గట్టు మీద మా తాటిదోనె పడి ఉందని నాకు తెలుసు. తాటిచెట్టు మొదలు తొలిచి చేసే పడవ అది. మా మామగారు చేయించారు. చుట్టూ చేపల చెరువులు తవ్వాక కాలువ పూడిపోయింది, దోనెకి పని లేకపోయింది. కొసవైపు సగం చెదలు తినేశాయి. లావుగా ఉండే మొదలువైపు సగం రాయిలా ఉంది. ఇప్పుడు ఆ గట్టు ఎవరి చేతిలో ఉందో ఆయన, "తీసుకుపోండి పిన్నిగారూ, అందులో పాములు కాపరం పెడుతున్నాయి" అన్నాడు. ఆ గట్టి సగాన్ని ఐసు కోసం ఏలూరు వస్తున్న చేపల వ్యానులో వేయించాను.

దోనెని ఎండలో పెట్టకూడదు. పని లేనప్పుడు కొల్లేటివాళ్ళు దాన్ని నీళ్ళలో ముంచి ఉంచేది అందుకే. పైకి తీస్తే నీడలో, తడి గోనెలు కప్పి, మెల్లగా ఆరనివ్వాలి. అబ్బాయికి ఇదంతా చెప్పే వెళ్ళాను. బురద వాసన వస్తోందని వాడు మేడమీద ఎండలో పెట్టాడు. నేను ముదినేపల్లి నుంచి తిరిగొచ్చేసరికి ఈ చివర నుంచి ఆ చివరకి చీలిక.

"పోయిందమ్మా" అన్నాడు.

"చీలింది. పోలేదు" అన్నాను.

చీలికలో కొబ్బరిపీచు కూరి, పైన తారు పూశాను. నీళ్ళు కారే దోనెకి చేసే వైద్యమే. రెండుచోట్ల కొబ్బరితాడు బిగించాను. కిటికీ కింద బోర్లించి, పాత చీరలతో కుట్టిన బొంత పైన పరిస్తే ముగ్గురు కూర్చునే బల్ల అయింది. పాత చేపలబుట్ట ఒకటి కడిగి దీపానికి తగిలిస్తే గోడంతా చుక్కల వెలుగు.

ముదినేపల్లి వెళ్ళింది వరికంకుల కోసం. కోడలి పుట్టింటివాళ్ళ చేను అక్కడ. వెనకటి రోజుల్లో కంకులు జడలా అల్లి, కుంచె కట్టి, పిచ్చుకల కోసం చూరుకి వేలాడదీసేవాళ్ళం. ఇప్పుడు కోతంతా మిషనుదే. మిషను నోట్లో పడ్డ కంకి అల్లడానికి పనికిరాదు. కానీ అంత మిషనూ చేను మూలల్లో తిరగలేదు. ఆ మూలలు ముందే కొడవలితో కోసి దారివ్వాలి. ఆ మూలలు నాకు కావాలన్నాను.

"ఇంతదూరం వచ్చి గడ్డి అడుగుతారేంటండీ అక్కయ్యగారూ" అని మా వియ్యంకుడు నవ్వాడు. నవ్వనీ. ఏలూరులో ఒక షాపులో ఇలాంటి కుంచెనే అద్దాల వెనక పెట్టి అమ్ముతున్నారు. షాపులో ఉంటే అలంకారం, నా గోడ మీద ఉంటే గడ్డా?

కోడలు మాత్రం కొడవలి పట్టుకుంది. కాడ పచ్చిగా ఉండగానే అల్లాలి, ఎండితే పుటుక్కున విరుగుతుంది. సాయంత్రందాకా గట్టు మీదే కూర్చున్నాం. ఆ పిల్ల అల్లిన మొదటిది విప్పించాను. రెండోదీ విప్పించాను.

"అత్తయ్యగారూ, మీరు పంతులమ్మ కాకపోవడం మా అదృష్టమండీ" అంది.

మూడోది నిలబడింది. దోనె పైన గోడకి వేలాడేది అదే.

ఇంక ఆ రోజు సంగతి. పాలు పొంగి, పూజ అయిపోయాక నా తోడికోడలు కారు దిగింది. దారంతా మంచు వల్ల ఆలస్యమైందట. గుమ్మంలోంచే హాలంతా కళ్ళతో తడిమింది. ఆవిడ ఇంట్లో అన్నీ కొన్నవే. పూలు కూడా ప్లాస్టిక్‌వే.

"ఏవమ్మా, పిచ్చుకలే లేని ఇంటికి కుంచె ఎందుకు?"

"మీరొచ్చారుగా అక్కయ్యా" అన్నాను.

వియ్యంకుడు నవ్వాపుకోలేక దగ్గాడు. ఆవిడకి మండింది. ఆ మంటలోనే అంది ఆ మాట.

"శుభమా అని కొత్తింట్లో అడుగుపెడుతూ హాల్లో ఈ పాడె బోర్లించావేంటి? పాలపొయ్యిలో పెట్టాల్సింది."

గృహప్రవేశంనాడు పాడె అన్న మాట పడితే ఎంతటివాడైనా జడుస్తాడు. "అమ్మా, ఈ ఒక్కపూటకీ మేడమీద పెట్టేద్దాం" అంటూ మా అబ్బాయి దోనె ఒక కొస పట్టుకున్నాడు కూడా. మేడెక్కిన వస్తువు మళ్ళీ దిగదు. ఎండకి ఇంకోసారి చీలుతుంది, ఆపైన కట్టెలే. కొల్లేటిదని చెప్పుకోడానికి నాకు మిగిలింది ఆ సగం దోనె.

"వదులు" అన్నాను వాడితో. ఆవిడ వైపు తిరిగాను. "అక్కయ్యా, కొల్లేరు పొంగిన ఏడు, ఆ వరదకి మీ ఇద్దరు పిల్లల్నీ ఒళ్ళో పెట్టుకుని మీరు గట్టెక్కింది దేంట్లో? ఇది పాడె అయితే ఆవేళే వల్లకాటికి చేరేవారు."

అబ్బాయి పంతులుగారి వంక చూశాడు. "దోనె గురించి శాస్త్రంలో ఎక్కడా లేదండీ" అని ఆయన సంచి సర్దుకున్నారు. ఉంచమనీ కాదు, తీయమనీ కాదు. ఆయన తీయమన్నా నేను తీసేదాన్ని కాదు.

అప్పుడు కోడలు కాఫీలు పట్టుకుని వంటింట్లోంచి వచ్చింది. సోఫా కోసం ముఖం ముడుచుకున్న పిల్ల. పళ్ళెం మొగుడి చేతిలో పెట్టి, తిన్నగా వెళ్ళి దోనె మీద కూర్చుంది.

"ఇది ఎక్కడికీ వెళ్ళదండీ పెద్దత్తయ్యగారూ. ఆ కుంచె నేనల్లాను. మీకు మోకాళ్ళ నొప్పులు కదండీ, ఎంతసేపని నిలబడతారు, రండి" అని పక్కన చోటు చూపించింది. అంత మెత్తగా అనడం ఒక విద్య. నాకు ఆ విద్య రాదు.

"ఆ పాడె మీద నేను కూర్చోలేదు, కాఫీ ముట్టలేదు, నిలబడే వచ్చేశాను" అని ఆవిడ తాడేపల్లిగూడెంలో చెబుతోందట. అబద్ధం. చూసినవాళ్ళున్నారు. పేర్లు రాయను, వరసలు రాస్తాను. ఆ పొద్దున్న ఆ హాల్లో ఉన్నవాళ్ళు వీళ్ళు: గుమ్మం దగ్గర చెప్పులు వెతుక్కుంటున్న పంతులుగారు. గోడకి చేరబడ్డ మా వియ్యంకుడు, కొంగు నోటికి అడ్డం పెట్టుకున్న మా వియ్యపురాలు. కాఫీ పళ్ళెంతో మా అబ్బాయి. నేల మీద నేను. దోనె మీద, కిటికీ వైపు, మా కోడలు. పక్కనే బొంత సర్దుకుని, రెండో కాఫీ తాగుతూ, నా తోడికోడలు.