మాస్టర్ పైకి చదవని కొలత

మొన్న ఆదివారం స్టేషన్ ఘన్‌పూర్ నుంచి తమ్ముడు ఫోన్ చేసి, మా పక్కింటి టైలర్ మాస్టర్ పోయారని చెప్పాడు. పొయ్యి మీద అన్నం మాడేదాకా ఫోన్ అలాగే పట్టుకుని నిలబడ్డాను. మహబూబాబాద్‌లో రైలెక్కి నేను అక్కడికి చేరేసరికి అంతా అయిపోయింది. కడసారి చూపు దక్కలేదు. ఆ బాధతోనే ఇది రాస్తున్నాను.

హైదరాబాద్‌లో పెద్దింటి పెళ్లికూతుళ్లు లెహంగాలు కుట్టించుకునే ఒక ఖరీదైన షోరూంలో ఆయన కొలతలు తీసేవారు. సెలవు దొరికితే ఊరికి వచ్చి, మా అరుగు మీద చాయ్ తాగుతూ అక్కడి సంగతులు చెప్పేవారు. గాజు తలుపు తీయడానికే ఒక మనిషి ఉంటాడంటే మా అమ్మ నమ్మేది కాదు. "తలుపు తీసే సత్తువ లేనోళ్లు గంత బరువు లెహంగా ఎట్ల మోస్తరు మాస్టర్?" అనేది.

ఆయనకొక పట్టింపు ఉండేది. కొలత ఎప్పుడూ పైకి చదవరు. టేపు చూస్తారు, చీటీ మీద రాసుకుంటారు, అంతే. కాబోయే అత్తగారు పిల్ల నడుము ఎంత వచ్చిందని అడిగితే, "కావాల్సినంత వచ్చిందమ్మా" అనేవారట. "అద్దం ముంగట నిలవడ్డోళ్లకు అబద్ధం చెప్పొద్దు. నిజం గట్టిగ చెప్పొద్దు" అని మాకు చెప్పేవారు.

ఆ మాట విలువ నాకు బాగా తెలుసు. చిన్నప్పటి జబ్బు వల్ల నా ఎడమ భుజం కుడిదానికన్నా ఎత్తుగా ఉంటుంది. జాకెట్టు కుట్టించుకోవడానికి పోతే బజారు టైలర్ అందరి ముందూ, "ఒక్క బుజం ఎత్తున్నది, రాసుకో" అని అరిచేవాడు. పెళ్లి కుదిరాక నా దిగులంతా అదే. పీటల మీద అందరూ నా భుజాన్నే చూస్తారని ఏడ్చేదాన్ని.

అవి తెలంగాణ కోసం బందులు నడుస్తున్న రోజులు. రైళ్లు ఆగిపోయాయి, షోరూం షట్టర్లు దిగాయి. ఊరికి వచ్చేసిన మాస్టర్ పొద్దున మా ఊరి దీక్షా శిబిరంలో కూర్చుని మధ్యాహ్నానికి ఇల్లు చేరేవారు. "ఏంది మాస్టర్, మీ దుకాణం బందా?" అని ఎవరో వేళాకోళమాడితే, "దుకాణం బందే. చేతులు బందా?" అన్నారు. నా పెళ్లి జాకెట్టు తానే కుడతానని ఆ రోజే అమ్మకు మాటిచ్చారు.

కొలత తీస్తుంటే నేను కళ్లు మూసుకున్నాను. ఎడమ భుజం దగ్గర టేపు ఆగింది. ఇక అనేస్తారు అనుకున్నాను. చీటీ మీద పెన్సిల్ గీసిన చప్పుడే వినిపించింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాక నెమ్మదిగా చెప్పారు.

"ముప్పై ఏండ్ల సంది కొలుస్తున్న బిడ్డా. రెండు బుజాలు ఒక్కతీరుగున్న మనిషిని ఇంకా చూడలె. కోటీశ్వరుల పిల్లలైన సరే."

"మరి వాళ్లయి కనవడయి గద?" అన్నాను.

"కనవడకుంట కుట్టుడు నా పని. నువ్వు వంగి కూసుంటె నా కుట్టు ఏంజేస్తది?"

జాకెట్టు లోపల కుడి భుజానికి గుడ్డ మడత ఒకటి పెట్టి కుట్టారు. బయటికి ఏమీ తెలియలేదు.

పెళ్లినాడు బస్సులు లేక మగపెళ్లివారు ట్రాక్టర్ల మీద వచ్చారు. అంతమందిని చూసేసరికి భయం వేసి, పీటల మీద కూర్చుంటూనే కొంగు లాగి భుజాలు కప్పుకున్నాను. మాస్టర్ శిబిరం నుంచి నేరుగా వచ్చి పందిరి చివర నిలబడ్డారు. దగ్గరికి రాలేదు. నన్నే చూస్తూ, తన భుజాల మీది కండువాను మెల్లగా తీసి చేతిలో పట్టుకున్నారు. నాకు అర్థమైంది. కొంగు జార్చి, వెన్ను నిలబెట్టి కూర్చున్నాను. ఆయన ఒక కన్ను మూసి, అంత దూరం నుంచే ఈ భుజం మొదలు ఆ భుజం దాకా చూపుతో కొలిచారు. తలూపి, భోజనాల వైపు నడిచిపోయారు.