చిటికె మామ చెప్పిన పేరు

ఇంటర్నెట్ కంపెనీలో ఆయన పని ఒక్కటే. ఫలానా రాత రాసిందెవరని ప్రభుత్వం అడిగితే వెతికి చెప్పడం. అలా అడగాలంటే కోర్టు ఉత్తర్వు చూపించాలి. కానీ "ఉత్తర్వు వెనకాల పంపిస్తాం, ముందు పేరు చెప్పండి" అని పోలీస్ స్టేషన్ నుంచి ఫోనొస్తే ఆయన చిటికెలో చెప్పేసేవాడు. అందుకే ఆఫీసులో అందరికీ చిటికె మామ అయ్యాడు. "మీలాంటివాళ్లుండబట్టే మా పని నడుస్తోందండీ" అని ఇన్‌స్పెక్టరు అంటే ఆ పూటకి కడుపు నిండిపోయేది. పొగడ్తకి పడని మనిషెవరు లెండి!

ఒక బడిలో పిల్లలు వాంతులతో పడిపోతున్నారనీ, మంచినీళ్ల ట్యాంకు ఎవరూ కడిగిన పాపాన పోలేదనీ, అధికారులు కప్పిపుచ్చుతున్నారనీ ఎవరో మారుపేరుతో రాశారు. ఇన్‌స్పెక్టరు ఫోన్ చేశాడు. మామ టీ గ్లాసు కింద పెట్టకుండానే వెతికి, తెర మీదున్నది చదవడం మొదలెట్టాడు. ఎవరో ఆడమనిషి పేరు. తర్వాత వీధి. ఇంటి నంబరు దగ్గర నాలుక ఆగిపోయింది. అది తన ఇంటి నంబరే. కింది వాటాలో ఉంటూ ఆ బడిలో నర్సుగా చేసే నర్సమ్మకి అసలు పేరొకటుంటుందని ఆయనకి అంతవరకూ తట్టనేలేదు.

"ఆగారేం? చెప్పండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

చెప్పేశాడు. ఏదో ఒకటి చెప్పి ఫోన్ పెట్టేయొచ్చు. అలవాటైపోయిన నోరు, ఆగలేదు.

నర్సమ్మని బడి ఉద్యోగంలోంచి ఆపేశారు. అయినా రోజూ పొద్దున్నే పైకొచ్చి, మామ తల్లికి ఇన్సులిన్ ఇచ్చి వెళ్లడం మాత్రం మానలేదు. ఆవిడ చెయ్యి పడితే సూది గుచ్చినట్టే ఉండదని ముసలామె మురిసిపోయేది. ఆ మాట వినపడకుండా మామ కుళాయి తిప్పుకుని గిన్నెలు కడిగేవాడు. కొడుకు బుద్ధిమంతుడయ్యాడని తల్లి సంబరపడింది, పాపం.

ఒకరోజు నర్సమ్మ వంటింటి గుమ్మం దగ్గరికొచ్చింది.

"అన్నయ్యా, మీది ఆ కంపెనీయే కదా. నా పేరు ఉత్తర్వు లేకుండా ఇచ్చుంటే ఉద్యోగం తిరిగొస్తుందని లాయరు చెప్పాడు. ఎవరిచ్చారో కాస్త కనుక్కుంటారా?"

మామ "కనుక్కుంటానమ్మా," అన్నాడు. సిగ్గుతో చచ్చిపోయాడు. ఒప్పుకుంటే తన ఉద్యోగం ఊడుతుంది. ఊరుకుంటే ఆవిడది ఊడినట్టే. ఆ వారమంతా అన్నం సహించలేదు.

నర్సమ్మ ఉద్యోగం మీద విచారణకి ముందురోజు ఇన్‌స్పెక్టరు ఉత్తర్వు పంపించాడు. దాని మీద పాత తేదీ వేసి ఉంది. ఎప్పుడో అందినట్టు సంతకం పెట్టమన్నాడు. మామ పెన్ను తీశాడు, మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

మర్నాడు పొద్దున నర్సమ్మ సూదిలోకి మందు ఎక్కిస్తుంటే ఎదురుగా వెళ్లి నిలబడ్డాడు.

"ఉత్తర్వేం లేదమ్మా. ఫోన్ చేశారు, చెప్పేశాను. నేనే."

నర్సమ్మ ముసలామె చెయ్యి పట్టుకుని, ఎప్పటిలాగే నొప్పి తెలియకుండా ఇంజెక్షనిచ్చింది. దూది అద్దింది. సామాను సంచిలో సర్దుకుంది.

"నాకు చెప్పి ఏం లాభం అన్నయ్యా? విచారణ పదింటికి. అక్కడికొచ్చి చెప్తారా?"

అడిగిందల్లా చిటికెలో చెప్పే మనిషి, "చెప్తాను" అనే ఒక్క మాట కోసం తడుముకున్నాడు. అది నోట్లోంచి వచ్చేసరికి నర్సమ్మ మెట్లు దిగిపోయింది.