ఖాజాగూడ మిట్టమీద ఎక్కాల పరీక్ష

ఆ రోజుల్లో మా నార్సింగిలో సైకిలున్నవాడు దొర, తొక్కడం వచ్చినవాడు చిన్నదొర. నాకు సొంత సైకిల్ లేదు గాని, కిరాయి సైకిల్ ఎక్కితే గోలకొండ దాకా గాలిలా పోతానని పేరుండేది (ఆ పేరు నేనే పెట్టుకున్నాను). ఆ ఏడు చేవెళ్ల దాకా పోయివచ్చే సైకిల్ పందేనికి మా ఊరి తరఫున ఒక్కణ్ణే పంపాలన్నారు. "ఆ ఒక్కడూ నేనే" అని అప్పటికే ఊరంతా చెప్పేశాను.

అడ్డుపడ్డవాడు మా దోస్తు. పట్నం కాలేజీలో సైన్సు చదువుతూ కనిపించినదల్లా కొలిచేవాడు గనుక వాణ్ణి 'థర్మామీటర్' అనేవాళ్లం. "ఉరుకుడు బలం గాదు భాయ్, పొద్దంత అదే జోరు నిలబెట్టుడు బలం. మిట్ట ఎక్కుకుంట ఎక్కాలు చదువు. మాట తెగిందంటె, ఆ జోరు నీ ఒళ్లు ఓర్వదన్నట్టు" అన్నాడు. పెద్దలు తలలూపారు.

ఖాజాగూడ బండల పక్క మిట్టమీద పరీక్ష. బాణంలా బయల్దేరాను. రెండో ఎక్కం గర్జించాను, మూడోది అరిచాను. నాలుగో ఎక్కం సగంలో అంకెలకు బదులు ఈల వచ్చింది. దిగి (పడ్డానని గిట్టనివాళ్లు అంటారు) గడ్డిలో వెల్లకిలా పడుకున్నాను.

అంతలో మా అక్కను పుట్టింటికి తెస్తూ మా బావ అటే వచ్చాడు. ఆయనకు నిండైన బొజ్జ. వెనక క్యారియర్ మీద అక్క, ఆమె ఒళ్లో గుమ్మడికాయ. పొద్దున మొదలైన కొట్లాట ఇంకా నడుస్తోంది.

"జర దిగు, మిట్టొచ్చింది" అన్నాడు బావ.

"నేనెందుకు దిగుత? మీ అమ్మ నన్నన్న మాటకు ముందు జవాబు చెప్పు."

బావ చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్లమ్మ ఏమన్నదో, ఎందుకన్నదో, అక్క దాన్ని ఎట్లా తప్పుగా విన్నదో చెబుతూనే తొక్కుతున్నాడు. తొందర లేదు, ఆగడం లేదు. మధ్యలో నన్ను చూసి, "ఏంది బామ్మర్ది, గడ్డిల పండుకున్నవ్? పానం మంచిగలేదా?" అని, మళ్లీ వాళ్లమ్మ మాట దగ్గరికి వెళ్లిపోయాడు. పక్కనే పరుగెత్తుతూ కొలుస్తున్న థర్మామీటర్‌కే ఆయాసమొచ్చి బండమీద కూలబడ్డాడు. నేను లేచి నిలబడ్డాను. కుస్తీ పహిల్వాన్లను చూశాను గాని, అటువంటి బలం నేనెన్నడూ చూడలేదు.

ఊరి అల్లుడూ ఊరివాడేనని పెద్దలు తేల్చి, పందేనికి బావనే పంపారు. పోయేటప్పుడు ఆయన అందరికన్నా వెనక. వచ్చేటప్పుడు, ముందు ఉరికినవాళ్లు ఒక్కొక్కరే రోడ్డు పక్కన చతికిలబడుతుంటే, అందరినీ క్షేమం అడుగుతూ దాటి వచ్చాడు. దండ వేయబోతే, "మీ అక్క ఎదురుచూస్తాంది" అంటూ అదే జోరున ఇంటికి సాగిపోయాడు.

నాకు అసూయ కలగాల్సింది, కలగలేదు. ఎండలో దూరమవుతున్న ఆ వెడల్పాటి వీపును అట్లాగే చూస్తూ ఉండిపోయాను. పంతొమ్మిదేళ్ల వయసులో తనకన్నా గొప్పవాడు కంటికి ఆనడం కష్టం. ఆనిన ఆ ఒక్క మధ్యాహ్నం ఎండలో నిలబడ్డ ఆ కుర్రవాడంటే నాకిప్పటికీ కాస్త ముద్దే.